నెల్లూరులో చేయించిన మూడు కటింగ్ బోర్డులు: వేప పలక, చింత మొద్దు, టేకు అతుకు

కత్తిపీట ముందు కూర్చుని తరిగే ఇంట్లో కటింగ్ బోర్డుకు పనే లేదు. నిలబడి వండే గట్టు వచ్చాక చాకు చేతికొచ్చింది, చాకు వెంట బోర్డూ వచ్చింది. ముందు అందరూ ప్లాస్టిక్ పలకే కొంటారు. ఏడాది తిరక్కుండా గీతలు పడి, గీతల్లోకి పసుపు దిగి, ఎంత తోమినా జిగురు వదలదు. అప్పుడు చెక్క మీదికి మనసు పోతుంది. ఆన్‌లైన్‌లో దొరికే చెక్క బోర్డుల్లో ఏ చెట్టు చెక్కో, ఏ జిగురో తెలియనివే ఎక్కువ. ఆ డబ్బుకే మన ఊళ్లో వడ్రంగి చేత చేయించుకోవచ్చు. అయితే ఏం అడగాలో తెలిసి అడగాలి.

ఇక్కడ చెబుతున్నవి నెల్లూరులోని ఒకే వడ్రంగి షెడ్డులో చేయించిన మూడు బోర్డులు. మూడూ మే నెలలో, పడమటి గాలికి గుమ్మాలూ కిటికీలూ ఎండి వదులైపోయే రోజుల్లో చేతికొచ్చాయి. కార్తీక మాసం వానల్లో తలుపులు ఉబ్బి పట్టేసే దాకా వాడి చూశాకే ఈ మాటలు. ఈ రెండు కాలాలూ దాటకుండా మన జిల్లాల్లో ఏ చెక్క వస్తువు గురించీ తీర్పు చెప్పకూడదు. మేలో బాగున్న బోర్డు నవంబరులో వంకర పోతుంది. నవంబరులో చేసింది మేలో నెర్రెలు విచ్చుతుంది.

కారణం ఒక్కటే. చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. పోగుల వెంబడి నిలువునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం పెరుగుతుంది, తగ్గుతుంది. స్థిరమైనదని పేరున్న టేకునే తీసుకోండి. చెక్కలో తేమ 4 శాతం మారితే 11 అంగుళాల వెడల్పు పలక సుమారు 2 మిల్లీమీటర్లు అటో ఇటో జరుగుతుంది. చెట్టు వలయాలు పలక మందంలో నిలువుగా నిలబడేలా కోసిన చెక్కయితే అందులో దాదాపు సగమే. ఈ రెండు మిల్లీమీటర్లకు దారి వదిలిన బోర్డు నిలుస్తుంది. దారి మూసిన బోర్డు తన దారి తనే చేసుకుంటుంది.

వేప పలకతో మొదలుపెడతాను. ఒకే పలక, అతుకు లేదు. పొడవు 16 అంగుళాలు, వెడల్పు 11, మందం అంగుళంపావు. ధర 1,500. చేవ భాగం ఎర్రటి గోధుమ రంగులో ఉంది, ఒక అంచున వేలెడు వెడల్పున పైతెలుపు, అంటే బెరడు కిందుండే లేత చెక్క, వదిలేశారు. ఆ తెలుపును కోసేసి ఉండాల్సింది. పుచ్చు పురుగు ముందు పట్టేది అక్కడే. చెక్క కింద పిండిలా సన్నటి పొడి రాలుతోంది అంటే పురుగు లోపల ఉన్నట్టు. వంటింటి వస్తువుకు పురుగుమందు పూయలేం కాబట్టి కొనేటప్పుడే తెలుపు లేని ముక్క అడగాలి.

వచ్చిన రోజు వంటింటి కాటా మీద పెడితే 2,640 గ్రాములు. పది రోజుల తర్వాత 2,550. ఆపైన ముల్లు కదల్లేదు. అంటే 90 గ్రాముల నీరు ఇంట్లోకొచ్చాక ఆరింది, ఈ సైజు పలకలో అది 4 శాతం దాకా తేమ. తేమ కొలిచే మీటరు లేనివాళ్లకు ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు: కొత్త బోర్డును గోడకు ఆనించి నిలబెట్టి, రెండు వారాల పాటు రోజు విడిచి రోజు తూచండి. బరువు తగ్గుతూ పోతోందంటే చెక్క పచ్చిది. ఒకచోట నిలిచాకే నూనె పట్టించాలి, అప్పటిదాకా కూరలు తరగొద్దు.

ఆరే క్రమంలో ఈ పలక దోనెలా వంగింది. కొలబద్దను అడ్డంగా పెడితే మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటరు సందున వెలుగు కనిపించింది. పలక కోత ముఖం చూస్తే ఎందుకో తెలిసిపోతుంది. వలయాలు గిన్నె బోర్లించినట్టు వంపుగా ఉన్నాయి. అలాంటి పలక ఆరేటప్పుడు బెరడు వైపు ముఖం గుంట పడుతుంది, చెట్టు నడుమ వైపు ముఖం ఉబ్బుతుంది. షెడ్డుకు తిరిగి తీసుకెళితే పైసా అడక్కుండా మళ్లీ చిత్రిక పట్టి చదును చేసిచ్చారు. ఆ పని ఒప్పుకున్నందుకు వాళ్లను మెచ్చుకోవాలి. మందం రెండు మిల్లీమీటర్లు తగ్గింది, నష్టమేమీ లేదు. వానల్లో మళ్లీ చూస్తే సందు లేదు. ఇలా కొద్దిగా వంగిన బోర్డు మీ దగ్గర ఉంటే గుంట వైపు కిందికి పెట్టి వాడండి. రెండు అంచుల మీద కూర్చుంటుంది, ఊగదు.

వేప చేదు కూరల్లోకి దిగుతుందా అని చాలామంది అడుగుతారు. కొత్తలో తడి తగిలితే చెక్క వాసన వస్తుంది. పుచ్చకాయ, దోసకాయ లాంటి నీటి కాయ కోసి కాసేపు దాని మీదే వదిలేస్తే ఆ వాసన అంటొచ్చు. నూనె మూడు నాలుగు పూతలు ఇంకాక, రెండు మూడు వారాలు కడిగి వాడాక తగ్గిపోతుంది. పచ్చడికి మామిడికాయ ముక్కలు కొట్టే పని మాత్రం దీని మీద పెట్టకండి. టెంక మీద వేసే దెబ్బకు పలక పోగుల వెంట చీలుతుంది. ఆ పని చింత మొద్దుది.

చింత మొద్దు గురించి మన వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏ మటన్ కొట్టుకు వెళ్లినా కత్తి కింద ఉండేది అదే. బోదెను అడ్డంగా కోసి నిలబెడతారు కాబట్టి పోగుల కొసలు పైకి చూస్తుంటాయి. కత్తి దెబ్బ పోగులను తెంచదు, వాటి మధ్యకు దిగుతుంది. కత్తి లేచాక పోగులు మళ్లీ దగ్గరికొస్తాయి. చాకు పదును నిలిచేదీ, గీతలు తొందరగా కనపడనిదీ అందుకే. చింత చెక్క బరువైనది, పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి, పెచ్చు లేవదు.

అయితే కొట్టులో బాగా నడిచే మొద్దు ఇంట్లో ఎందుకు పగులుతుంది? కొట్టులో దానికి రోజూ తడి తగులుతూనే ఉంటుంది, మందమూ అడుగు పైనే. ఇంటికి చేసిచ్చింది 12 అంగుళాల గుండ్రం, 3 అంగుళాల మందం, అయిదు కిలోల పైచిలుకు బరువు, ధర 2,200. ఫ్యాను గాలి కింద అది మూడు వారాల్లో నడిబొడ్డు నుంచి అంచు దాకా విచ్చింది. పగులు బండి చక్రం ఆకులా సూటిగా ఉంది, అంచు దగ్గర అయిదు రూపాయల నాణెం నిలువునా దూరేంత వెడల్పు, నడుమకు వచ్చేసరికి వెంట్రుకంత. ఈ ఆకారం చూడగానే కారణం చెప్పొచ్చు. బోదె చుట్టుకొలత వెంబడి చెక్క ఎక్కువ కుంచించుకుంటుంది, నడుమ నుంచి అంచుకు పోయే దిశలో తక్కువ. చుట్టూ బిగుసుకుంటూ ఉంటే లోపలి భాగం దిగిరాదు, ఎక్కడో ఒకచోట తెగాలి. నడిబొడ్డు ఉన్న గుండ్రటి ముక్క ఎంత మంచి చెట్టుదైనా దాదాపు తప్పకుండా ఇలాగే పగులుతుంది. పని చేసినవాళ్ల చేతివాటం వల్ల వచ్చిన లోపం కాదిది, ఆ ఆకారం ఎంచుకోవడమే లోపం. పచ్చి చెక్కను ఇంత తొందరగా ఇవ్వడం మాత్రం వాళ్ల తప్పే.

చింతతో బోర్డు కావాలంటే గుండ్రం అడగకండి. బోదెను ముందు నిలువు పలకలుగా కోయించి, నడిబొడ్డు తీసేయించి, కొసలకు కరిగిన మైనం గానీ పాత పెయింటు గానీ పూయించాలి. కొసల నుంచి తేమ మిగతా చోట్ల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. పలకల మధ్య ఒకే మందం పుల్లలు అడ్డంగా పెట్టి, నీడలో, గాలి ఆడే చోట దొంతి పేర్చి, పైన బరువు పెట్టాలి. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. ఎండిన పలకల్ని చదరపు కడ్డీలుగా కోసి, కొసలు పైకి వచ్చేలా పక్కపక్కన అతికితే గళ్ల బోర్డు తయారవుతుంది. అదే ఇంటికి తగిన చింత మొద్దు. ఒక్క జాగ్రత్త: కొసలు పైకున్న బోర్డును మందం తీసే ప్లేనర్ మిషనులో తోయకూడదు. బ్లేడు చివరి అంచును పెకలిస్తుంది, ముక్క ఎగిరి మనిషికి తగలొచ్చు. బాగా నూరిన చిత్రికతోనో, పట్టాల మీద జరిపే రౌటరుతోనో (తిరిగే బిట్టుతో చెక్కను తొలిచే మిషను) చదును చేయాలి.

పగిలిన మొద్దును పారేయనక్కర్లేదు. పగులు కదలడం ఆగేదాకా, అంటే ఒక వేసవి గడిచేదాకా ఆగి, అదే చింత చెక్కతో సన్నటి మేకు చీల్చి, ఆహారం తాకే వస్తువులకు పనికొచ్చే జిగురుతో దిగ్గొట్టి, పైన చదును చేయిస్తే ఏళ్ల తరబడి వాడొచ్చు. రంపపు పొట్టు, జిగురు కలిపి పగుల్లో నింపడం పనికిరాదు. తర్వాతి వానకు ఉబ్బి ఊడుతుంది. లోపల చేప నీళ్లు నిలిచి వాసన పడుతుంది.

మూడోది టేకు. అంగుళంన్నర బద్దలు ఎనిమిది పక్కపక్కన అతికారు. పొడవు 15 అంగుళాలు, వెడల్పు 12, మందం అంగుళం, ధర 1,900. చూడటానికి మూడింట్లో ఇదే అందంగా ఉంది, మూడింట్లో ఇదే ఎక్కువ నిరాశపరిచింది. టేకు తప్పు కాదది, కట్టిన తీరు తప్పు.

బద్దల చివర్లు కప్పడానికి రెండు వైపులా అడ్డబద్దలు పెట్టి, జిగురు రాసి, మేకులు దిగ్గొట్టారు. తలుపు రెక్కకు చేసే అలవాటు ఇక్కడికి తెచ్చారు. మంచి తలుపులో పలక ఫ్రేము గాడిలో స్వేచ్ఛగా కూర్చుంటుంది, దాన్ని జిగురుతో బిగించరు. ఇక్కడ బద్దలన్నీ అడ్డంగా పెరగాలి, అడ్డబద్ద తన పొడవు వెంట కదలదు. మేలో చేసినప్పుడు అంచులు సమంగా ఉన్నాయి. నవంబరు వచ్చేసరికి బోర్డు వెడల్పు అడ్డబద్దను దాటి బయటికొచ్చింది. మూల దగ్గర బొటనవేలి గోరు జరిపితే మెట్టు తగులుతుంది. ఒక చివర జిగురు వదిలి, కాగితం దూరే సందు పడింది. ఆ సందులోకి ఉల్లిపాయ నీళ్లు దిగాయి. చివర్లు కప్పాలనే ఆలోచనే వద్దు. అవి అలా బయటికి ఉండి, బాగా రుద్ది నూనె పట్టిస్తే చాలు. మేకు ఇనుపదైతే ఇంకో చిక్కు కూడా ఉంది. టేకు, తుమ్మ లాంటి చెక్కల్లో ఉండే వగరు పదార్థం ఇనుముతో కలిసి తడిలో నల్లమచ్చ వేస్తుంది. రబ్బరు కాళ్లు బిగించాలన్నా స్టెయిన్‌లెస్ స్టీలు మరలే అడగండి.

జిగురు గురించి గట్టిగా అడగాలి. ఫర్నిచరుకు వాడే మామూలు తెల్ల ఫెవికాల్ తడి తగిలే బోర్డుకు కాదు. టైట్‌బాండ్ 3 లాంటి నీటికి ఓర్చే జిగురు, ఆరాక ఆహారం పరోక్షంగా తాకే వస్తువులకు అనుమతి ఉన్నది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చిన్న సీసా మీరే కొని వడ్రంగికి ఇవ్వండి. దాన్ని రాసి బద్దలు జతచేయడానికి పది నిమిషాల లోపు వ్యవధి ఉంటుంది. రోహిణీ కార్తెలో రేకుల షెడ్డు కింద అంత కూడా ఉండదు, పైన పొర కట్టేస్తుంది. పొర కట్టాక బిగించిన అతుకు పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపల పట్టదు. ఎనిమిది బద్దలు ఒకేసారి అతకకుండా నాలుగేసి రెండు జట్లుగా, పొద్దున్నే చల్లపూట చేయించండి. క్లాంపు కనీసం అరగంట, ఆపైన ఒక రోజంతా ముట్టుకోకుండా. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అతికే ముఖాల్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, ఎసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు రాయాలి. టేకులో ఇసుక లాంటి సిలికా కూడా ఉంటుంది, చాకు పదును వేపమీద కంటే త్వరగా పోతుంది.

ఇక రుద్దుడు. మూడు బోర్డులకూ ఇదే పెద్ద లోటు. వచ్చినప్పుడు చేత్తో తడిమితే నున్నగానే ఉన్నాయి. కిటికీ పక్కన వెలుగు అడ్డంగా పడేలా వంచి చూస్తే టేకు మీద సున్నాలు సున్నాలుగా సన్న గీతలు కనిపించాయి. గుండ్రంగా తిరిగే మిషనుకు పాత ఉప్పుకాగితం వేసి గట్టిగా నొక్కితే పడే గీతలవి. నూనె తగలగానే ఇంకా ఎత్తి చూపుతాయి. సరైన వరుస 80 నంబరు, 120, 150, చివరికి 220. ఏ నంబరూ దాటేయకూడదు. 80తో పడిన గీతల్ని 220 తీయలేదు. 150 అయ్యాక తడిగుడ్డతో బోర్డంతా తుడిచి ఆరనివ్వాలి. పడుకున్న పోగులు లేచి గరుగ్గా అవుతాయి. వాటిని 220తో తేలిగ్గా, పోగుల దిశలోనే తీసేయాలి. ఇది రెండుసార్లు చేస్తే కడిగిన ప్రతిసారీ బోర్డు గరుకెక్కదు. ఈ తడి పని షెడ్డులో చేయలేదు. మొదటిసారి కడగ్గానే వేప పలక పిల్లినాలుకలా అయింది. అంచులకు 3 మిల్లీమీటర్ల గుండ్రం కూడా అడగండి, పదునైన అంచు తగిలితే పెచ్చు లేస్తుంది.

టేకుకు వాళ్లు మెలమైన్ పాలిష్ కొట్టి ఇచ్చారు. అద్దంలా మెరిసింది. బోర్డుకు పైపొర కట్టే ఏ పాలిషూ, ఏ వార్నిషూ వద్దు. చాకు గీసిన చోటల్లా పొర చిట్లి, ఆ పెంకులు కూరలోకి పోతాయి, చిట్లిన చోటు నుంచి నీళ్లు లోపలికి దిగి పొర కింద నల్లబడుతుంది. అంతా రుద్ది తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

బోర్డుకు కావలసింది లోపలికి ఇంకే నూనె. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ ఐ.పి. అని అడిగితే ఇస్తారు, మలబద్ధకానికి వాడే మందు అది. రంగు, వాసన ఉండవు, పాడవదు. గుడ్డతో ధారాళంగా రాసి, గంటల తరబడి వదిలి, ఇంకనిది తుడిచేయాలి. మొదటి వారం రోజూ ఒకసారి, తర్వాత నెలకోసారి. వేప పలక మొదటి మూడు పూతలకు 50 మిల్లీలీటర్ల దాకా తాగింది. చింత మొద్దుకు అంతకు రెట్టింపు పైనే పట్టింది, కొసలు పైకున్న చెక్క గొట్టాల కట్టలా పీలుస్తుంది. మైనం పూత కావాలంటే తేనెమైనం ఒక వంతు, పారాఫిన్ నాలుగు వంతులు, తూకం ప్రకారం. గిన్నెను మరిగే నీళ్లలో పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద వద్దు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చల్లారాక వెన్నలా అవుతుంది. నూనె ఇంకాక దీన్ని రాసి, పావుగంట ఆగి, పొడి గుడ్డతో రుద్దండి. మన ఎండాకాలంలో ఇంతకంటే ఎక్కువ నూనె కలిపితే బోర్డు చేతికి అంటుతుంది.

నువ్వులనూనె, వేరుశనగ నూనె వద్దు. అవి గట్టిపడవు, చెక్కలోనే మురిగి కనరు వాసన వేస్తాయి. అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది గానీ హార్డ్‌వేర్ షాపులో దొరికే బాయిల్డ్ రకంలో త్వరగా ఆరడానికి లోహపు రసాయనాలు కలుపుతారు, అది తిండి తగిలే చోటికి కాదు. అవిసె నూనె అంటిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది. ఇది నిజంగా జరిగే ప్రమాదం. నీళ్లలో తడిపి, పరిచి, ఆరుబయట ఆరేయండి.

చేపల పులుసు తినే ఊళ్లో బోర్డుకు అసలు పరీక్ష చేపే. చేపకూ మాంసానికీ ఒక బోర్డు, కూరగాయలకు వేరొకటి ఉంచండి. పని కాగానే చన్నీళ్లతో జిగురు కడిగి, తర్వాత వేణ్నీళ్లు, సబ్బు. లీటరు నీటికి 4 మిల్లీలీటర్ల వాసన లేని బ్లీచు కలిపి పోసి, కొద్ది నిమిషాలాగి కడిగేస్తే క్రిముల భయం ఉండదు. రెండు వైపులా తడిపి కడగాలి, ఒక్కవైపే తడిస్తే ఆ వైపే ఉబ్బి వంగుతుంది. సింకులో నానబెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు, నిలబెట్టి ఆరబెట్టాలి. చెక్కలో క్రిములు దాక్కుంటాయని భయపడేవాళ్లకు ఒక మాట: అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో డీన్ క్లైవర్ బృందం చేసిన పరీక్షల్లో, చెక్క మీద పడిన బాక్టీరియా లోపలికి ఇంకి అక్కడ పెరగకుండా క్రమంగా చచ్చిపోయింది. చాకు గాట్లు పడిన ప్లాస్టిక్‌ను శుభ్రం చేయడమే కష్టమైంది.

చెక్క ఎంపికలో మన జిల్లాల్లో దొరికేవి ఇంకొన్ని. తీరం వెంట తోటలుగా పెరిగే సరుగుడు గట్టిదే గానీ ఆరేటప్పుడు చీలుతుంది, మెలితిరుగుతుంది. జామాయిల్ కూడా అంతే. ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ కొండల నర్ది చెక్కతో బోర్డు చేయించవచ్చు కదా అనిపించవచ్చు. గరిటె సన్నటిది, వెడల్పు లేదు కాబట్టి కదలిక తెలియదు. వెడల్పు పలకకు లావు బోదె కావాలి. నా ఓటు సర్కారు తుమ్మకు. కనిగిరి, పామూరు మెట్టల్లో బొగ్గుకు కాల్చేసే ఈ చెట్టు చెక్క గట్టిది, ఆరేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుంటుంది. టెక్సాస్‌లో దీని చుట్టమైన మెస్కీట్‌తో కటింగ్ బోర్డులు చేసి అమ్ముతారు. బోదెలు వంకర కాబట్టి పొడవైన పలకలు రావు, అడుగు పొడవు బద్దలు వస్తాయి, బోర్డుకు అంతే చాలు. ఎర్రచందనం ముక్క ఉంది, బోర్డు చేసిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ చెక్కను ఉంచుకోవడం, తరలించడం నేరం.

ఈ షెడ్డులో మళ్లీ చేయించేది వేప పలకే. పైతెలుపు తీసేసి, తడిపి రుద్ది, పాలిష్ లేకుండా ఇమ్మని ముందే రాసిస్తే వాళ్ల చేతిపనికి వంక పెట్టలేం. చిత్రిక పట్టిన తీరు, పట్టుకోవడానికి పక్కన తొలిచిన వేలి గాడి లోతు మూడింట్లోనూ చక్కగా ఉన్నాయి. రసం నిలిచే గాడి అడిగితే అంచు నుంచి అర అంగుళం లోపలికి, 3 మిల్లీమీటర్ల లోతు చాలు. రౌటరు మూలల్లో ఆగిపోతే చెక్క కాలి నల్లబడుతుంది, ఆ మసి తీయించాకే తీసుకోండి. ఇంటికి తెచ్చేటప్పుడు పాలిథిన్ కవరు చుట్టి ఇస్తారు. ఇంటికి రాగానే విప్పేయండి. కవర్లో రెండు రోజులుంటే లోపలి తేమకు బూజు పడుతుంది, వేప మీద ఆ నల్ల చుక్కలు 80 నంబరు కాగితంతో రుద్దితే తప్ప పోవు.